పడవా వద్దు, ఠరావూ వద్దు, బస్సు చాలు



పది రోజులుగా మన గ్రూపులో నడుస్తున్న గొడవ అందరూ చూస్తున్నారు. పెళ్లి కుదిరిన ఆడపిల్లలు పెళ్లికి ముందు స్నేహితురాళ్లతో కలిసి సరదాగా బయటికి వెళ్తామంటున్నారు. గోవా వెళ్లి ప్రైవేటు యాట్ మాట్లాడుకుందామా, ఇక్కడి నుంచే పార్టీ బస్సు తీసుకుందామా అని వాళ్లలో వాళ్లకే పంచాయితీ. ఇంకోవైపు కొందరు పెద్దలు, అసలు ఈ బ్యాచిలరెట్ పార్టీలే వద్దు, వచ్చే సభలో ఠరావు పెట్టి ఆపేద్దాం అంటున్నారు. ఒకాయన అయితే జరిమానా ఎంత వెయ్యాలో కూడా రాసేశారు.

చివరిదాకా చదివే ఓపిక లేనివాళ్ల కోసం నా మాట ముందే చెప్పేస్తాను. ఠరావు వద్దు. యాట్ కూడా వద్దు. బస్సు తీసుకోండి. ఎందుకంటే ఇందులో అడగాల్సిన ప్రశ్న ఒక్కటే ఉంది. పెళ్లికూతురి స్నేహితురాళ్లలో అందరికంటే చేతిలో డబ్బు తక్కువున్న పిల్ల ఎందులో ఎక్కగలదు? పది రోజుల్లో మూడు వందల మెసేజీలు వచ్చి ఉంటాయి. ఈ ప్రశ్న పెద్దలూ అడగలేదు, పిల్లలూ అడగలేదు.

ముందు పెద్దలతో మాట్లాడతాను.

"ఇది మన సంస్కృతి కాదు" అని రాశారు. సరే, లెక్క చూద్దాం. హల్దీకి అందరూ పసుపు బట్టలు కట్టి డీజే పెట్టడం ఎప్పటి నుంచి మన సంస్కృతి? కేళవణ్ మరాఠీవాళ్ల ఆచారం. పెళ్లికి ముందు చుట్టాలు పిలిచి భోజనం పెడితే మనకీ బాగుందనిపించింది, తెచ్చుకున్నాం. ప్రీ-వెడ్డింగ్ షూటింగు మన తాతలు చేశారా? కరీంనగర్ నుంచి, నల్గొండ నుంచి, పాలమూరు నుంచి షోలాపూర్ మిల్లులకి, మగ్గాలకి వచ్చిన మనవాళ్లు తెచ్చినవి తెచ్చారు, ఇక్కడ దొరికినవి కలుపుకున్నారు. నేను చదివింది తమిళ బడిలో. ఆ వైపు మన నేతవాళ్ల పెళ్లిళ్లలో నలంగు పెడతారు, ఇక్కడ నలుగు పెడతాం. అక్కడివాళ్లని పద్మశాలీలు కాదని ఎవరైనా అంటారా? మార్కండేయ మహాముని రథం నారళీ పున్నమికి షోలాపూర్ వీధుల్లో తిరుగుతుంది. ఆ రథం ముందు మోగే వాయిద్యాలన్నీ తెలంగాణ నుంచి వచ్చినవేనా?

ఇక ఆడవాళ్లు, మగవాళ్లు పక్కన లేకుండా, ఒకచోట చేరి ఆడి పాడటం మనకి కొత్తా? బతుకమ్మ ఏమిటి మరి? తొమ్మిది రోజులు పూలు పేర్చి చప్పట్లు కొడుతూ తిరుగుతారు. మగవాళ్లం దూరంగా నిలబడి చూస్తాం. ఇంతవరకు దాని మీద ఎవరూ ఠరావు పెట్టలేదు.

రెండో సంగతి ఇంకా ముఖ్యం. పెళ్లికొడుకు స్నేహితులతో గోవా వెళ్లి వస్తే మనం ఏమన్నాం? నవ్వాం. "పోనీలే, కుర్రాళ్లు, పెళ్లయ్యాక ఎక్కడ తిరుగుతారు" అన్నాం. వాళ్లు వెళ్లేది ఆదివారం దేవుడి దర్శనానికి కాదని అందరికీ తెలుసు. తాగి కారు నడిపారని తెలిసినా కూడా గ్రూపులో ఒక్క మెసేజి రాలేదు. ఇప్పుడు అదే సరదా ఆడపిల్ల అడిగేసరికి సంస్కృతి గుర్తొచ్చింది, జరిమానా గుర్తొచ్చింది. ఠరావు పెట్టాల్సిందే అంటే మొదటి వాక్యంలో పెళ్లికొడుకు పేరు రాయండి, రెండో వాక్యంలో పెళ్లికూతురి పేరు రాయండి. అలా రాస్తే సభలో ఎన్ని చేతులు లేస్తాయో నాకు తెలుసు, మీకూ తెలుసు.

మన ఆడవాళ్లకి సొంతంగా నిర్ణయం చేసే తెలివి లేదనుకోకండి. రోజుకి వెయ్యి బీడీలు చుట్టి, ఆకు లెక్క, తంబాకు లెక్క, కార్ఖానాలో తీసేసిన బీడీల లెక్క అన్నీ నోటితో చెప్పే ఆడవాళ్ల ఊరు ఇది. కుంభారి దగ్గర బీడీ కార్మికులకి 2006లో గోదూతాయి పరుళేకర్ పేరుతో పదివేల ఇళ్ల కాలనీ వచ్చిందంటే, 2024 జనవరిలో రేనగర్‌లో 15,000 ఇళ్ల తాళాలు చేతికొచ్చాయంటే, ఆ మోర్చాల్లో ఎండలో నడిచింది ఎక్కువగా ఆడవాళ్లే. ఇల్లు సాధించుకున్న తల్లి కూతురికి ఒక రోజు బస్సెక్కడానికి మన ఠరావు కావాలా?

మూడో సంగతి. నిషేధిస్తే ఆగుతారా? ఆగరు, చెప్పకుండా వెళ్తారు. పుణేలో ఆఫీసు పని ఉందంటారు, హైదరాబాదులో స్నేహితురాలి పుట్టినరోజు అంటారు. అప్పుడు ఏ బస్సు ఎక్కారో, డ్రైవరు ఎవరో, ఏ పడవలో ఎంతమంది కూర్చున్నారో ఇంట్లో ఒక్కరికీ తెలియదు. ఏదైనా జరిగితే ఫోను ముందు పోలీసుల నుంచి వస్తుంది. తల్లికి చెప్పి వెళ్లిన పిల్లకి, చెప్పకుండా వెళ్లిన పిల్లకి ఉన్న తేడా ఎంతటిదో ఆడపిల్లలున్న ఇళ్లకి నేను చెప్పక్కర్లేదు.

పెద్దలతో మాట అయిపోయింది. ఇప్పుడు అమ్మాయిలూ, మీతో.

యాట్ మీద మోజు ఎలా వచ్చిందో నాకు అర్థమవుతుంది. 2025 జూన్ నుంచి మన హోటగి రోడ్డు విమానాశ్రయం నుంచి గోవాకి విమానం మొదలైంది. అంతకుముందు గోవా అంటే రాత్రంతా బస్సులో ఒళ్లు నొప్పులు. ఇప్పుడు దగ్గరైంది. మాండవీ నదిలో తెల్ల పడవ, వెనక సూర్యాస్తమయం, చేతిలో గ్లాసు, ఫోటో. ఆ ఫోటో బాగుంటుంది, కాదనను. ఫోటో వెనక ఉన్న లెక్క చూద్దాం.

యాట్ అద్దె గంటల లెక్కన ఉంటుంది. రెండు గంటలన్నారంటే గడియారం చూస్తూనే ఉంటారు. ఎంతమంది ఎక్కవచ్చో లైసెన్సులోనే రాసి ఉంటుంది, దాని మీద ఒక్కరిని కూడా ఎక్కించకూడదు. చిన్నదైతే పది పన్నెండు మంది. అంటే పెళ్లికూతురు మొదట చెయ్యాల్సిన పని స్నేహితురాళ్ల పేర్లు రాసి, కొన్ని కొట్టెయ్యడం.

రైల్వేలో బుకింగు కౌంటరు దగ్గర గుంపుల రిజర్వేషను కాగితాలు చాలా చూశాను. పెళ్లివాళ్లు, యాత్రవాళ్లు, కాలేజీవాళ్లు. చార్జీ ఎంతో చెప్పగానే కాగితం వెనక్కి తీసుకుని పేర్లు కొట్టేసేవాళ్లు. కొట్టివేత ఎప్పుడూ కింది నుంచే మొదలయ్యేది. ఇంటి యజమాని పేరు ఎప్పుడూ కొట్టెయ్యరు. పనిమనిషి పేరు, దూరపు చుట్టం పేరు, విధవ మేనత్త పేరు, ఇవే పోయేవి. "ఆవిడకి ప్రయాణం పడదులెండి" అని నాతో చెప్పేవాళ్లు. నేను అడగకపోయినా చెప్పేవాళ్లు.

మీ జాబితాలో కింద ఎవరుంటారో మీకు తెలుసు. మీతో నీలం నగర్ బడిలో ఒకే బెంచీ మీద కూర్చున్న పిల్లల్లో ఒకరు ఇప్పుడు పుణేలో కంప్యూటరు కంపెనీలో ఉన్నారు. ఒకరు యూనిఫాం కుట్టే గార్మెంటు షెడ్డులో పీసు లెక్కన పని చేస్తున్నారు. ఒకరు ఇంట్లో తల్లి పక్కన కూర్చుని బీడీలు చుడుతున్నారు. ముగ్గురూ ఒకప్పుడు ఒకే డబ్బాలో తిన్నారు. గోవా అన్న మాట రాగానే ఆ మూడో పిల్ల ఏమంటుంది? "నాకు కుదరదు, ఇంట్లో పంపరు" అంటుంది. డబ్బు లేదని చెప్పదు. తండ్రి మీద పెడుతుంది నేరం. మీరు కూడా నమ్మినట్టే ఉంటారు, ఎందుకంటే అలా నమ్మితే మీకు సుఖం. లేదంటే తల్లి భిశీలో కట్టిన డబ్బు ముందే ఎత్తుకుని వస్తుంది. బచత్ గటు అప్పు తీసుకుని వచ్చేవాళ్లు కూడా ఉంటారు. రెండు గంటల పడవకి ఏడాది కంతులు.

ఇప్పుడు గుమస్తా లెక్క ఒకటి చేస్తాను. ధరలు సీజనుని బట్టి మారతాయి. లెక్క చేసే పద్ధతి చూడండి చాలు, అంకెలు మీవి పెట్టుకోండి.

బస్సు రోజుకి 24,000 అనుకుందాం, 24 మంది. మనిషికి 1,000. ఒక పిల్ల ఇవ్వలేకపోతే మిగతా 23 మంది పంచుకుంటారు. మనిషికి 1,043 పడుతుంది. అంటే 43 రూపాయలు ఎక్కువ. ఒక చాయ్, ఒక వడాపావ్. ఎవరూ గమనించరు. ఇవ్వలేని పిల్ల ఎవరో కూడా ఎవరికీ తెలియక్కర్లేదు, పెళ్లికూతురికి తప్ప.

గోవా సంగతి. పడవ వాటా, రానూపోనూ టికెట్టు, గది, తిండి కలిపి మనిషికి 10,000 అనుకుందాం, 12 మంది. ఒక పిల్ల ఇవ్వలేకపోతే మిగతా 11 మందిలో ఒక్కొక్కరికి 909 రూపాయలు అదనం. తొమ్మిది వందలు అందరూ గమనిస్తారు. ఒకరు ముఖం ముడుచుకుంటారు. ఒకరు "ఈసారికి దాన్ని వదిలేద్దాం" అంటారు. ఆ మాట ఎలాగోలా ఆ పిల్ల చెవిన పడుతుంది. ఇరవై ఏళ్ల స్నేహం అక్కడ తెగిపోతుంది, మీ పెళ్లి ఆల్బంలో ఆమె ఉండదు.

నా వాదన మొత్తం ఈ 43కీ 909కీ మధ్య ఉంది. బస్సు అందరినీ మోస్తుంది, లేనివాళ్ల భారం కూడా తేలిగ్గా పంచుకుంటుంది. యాట్ ఉన్నవాళ్లని మాత్రమే ఎక్కించుకుంటుంది.

"పెళ్లి ఒక్కసారే కదా, మా డబ్బు మా ఇష్టం" అని ఒక అమ్మాయి రాసింది. నిజమే తల్లీ, నువ్వు సంపాదించిన డబ్బు నీ ఇష్టం. మొత్తం ఖర్చు నువ్వే పెట్టుకుని 12 మందిని విమానంలో తీసుకెళ్తే నాకు అడ్డు చెప్పే హక్కు లేదు. వాటాలు వేసిన నిమిషం నుంచి మాత్రం అది నీ ఒక్కదాని డబ్బు కాదు. ఇంకో మాట. ఆడపిల్ల తండ్రి హాలుకి, బంగారానికి, భోజనాలకి అప్పు చేసి కూర్చున్న ఇంట్లో గోవా బిల్లు కూడా ఆయన మీద వేస్తే, అది స్వేచ్ఛ అని నాతో అనకండి.

భద్రత సంగతి కూడా మాట్లాడాలి. గ్రూపులో కొందరు బస్సులు ప్రమాదం అని, కొందరు పడవలు ప్రమాదం అని ఎవరికి కావాల్సిన వీడియోలు వాళ్లు పెట్టారు. రెండూ నిజమే.

నీళ్ల సంగతి చూడండి. మన జిల్లాలోనే, 2024 మే 21న, కర్మాళా తాలూకా కుగావ్ నుంచి కళాశీకి ఉజనీ డ్యాం నీళ్ల మీద వెళ్తున్న పడవ గాలివానకి బోల్తా పడింది. ఆరుగురు పోయారు, ఈదుకుంటూ ఒడ్డుకి చేరిన ఒక్కరే బతికారు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర విహారానికి వెళ్లిన పడవ మునిగింది. డెబ్బై మందికి పైగా ఎక్కితే 26 మంది బయటపడ్డారు. 2024 డిసెంబరు 18న ముంబైలో గేట్‌వే నుంచి ఎలిఫెంటాకి వెళ్తున్న ఫెర్రీని నేవీ స్పీడ్ బోటు గుద్దింది. ఫెర్రీలో కూర్చున్నవాళ్ల తప్పు ఏముంది?

రోడ్డు సంగతి. 2013 అక్టోబరు 30న పాలెం దగ్గర వోల్వో బస్సు కాలిపోయి 45 మంది పోయారు. 2023 జులై 1న సమృద్ధి మహామార్గం మీద బుల్‌ఢాణా జిల్లాలో బస్సు మండి 25 మంది పోయారు. 2025 అక్టోబరు 24న కర్నూలు దగ్గర చిన్నటేకూరులో హైదరాబాదు నుంచి బెంగళూరు వెళ్లే బస్సు కాలింది.

ఈ మూడు బస్సుల్లో ఒక పోలిక చూశారా? మూడూ రాత్రి ప్రయాణాలే. అర్ధరాత్రి దాటాక, తెల్లారేలోపే జరిగాయి. జనం నిద్రలో ఉన్నారు. అంటే పొద్దున బయలుదేరి చీకటి పడేలోపు తిరిగొచ్చే బస్సులో సగం భయం తగ్గుతుంది. మిగతా సగం మీరు బస్సు ఎక్కేముందే చూసుకోవచ్చు. పడవలో మీరేం చూసుకోగలరు? ఇంజిను బాగుందో లేదో మీకు తెలియదు. గాలి ఎటు తిరుగుతుందో తెలియదు. బస్సులో ఒక పిల్లకి వాంతి వచ్చినా, డ్రైవరు పద్ధతి నచ్చకపోయినా, ఆపి దిగిపోవచ్చు. నీళ్ల మధ్య దిగడం కుదరదు. వానలకి ఎదురుచూసే ఊళ్లో పుట్టినవాళ్లం, మన ఆడపిల్లల్లో ఈత వచ్చినవాళ్లు ఎంతమంది?

అయినా యాటే ఎక్కుతామంటే కనీసం ఇవి చూడండి. గోవాలో పడవలకి కెప్టెన్ ఆఫ్ పోర్ట్స్ శాఖ రిజిస్ట్రేషను ఉండాలి. కాగితం అడగండి. ఎక్కినవాళ్లందరికీ లైఫ్ జాకెట్టు ఉండాలి, ఫోటో కోసం తీసెయ్యకూడదు. వానాకాలం పేరే ఎత్తకండి.

బస్సు అయినా కళ్లు మూసుకుని ఎక్కకండి. పార్టీ బస్సు అంటే మామూలు టూరిస్టు బస్సులో సీట్లు తీసేసి, పక్కలకి సోఫాలు, పైన రంగు లైట్లు, పెద్ద స్పీకర్లు పెట్టినది. కంపెనీ నుంచి వచ్చిన బండిని ఇష్టం వచ్చినట్టు మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. చేసిన మార్పు ఆర్‌సీలో ఎక్కిందా లేదా చూడండి. ఎక్కకపోతే ప్రమాదం జరిగినప్పుడు బీమావాళ్లు దాన్నే పట్టుకుంటారు. లైట్లకి, స్పీకర్లకి లాగిన అదనపు వైర్ల నుంచే నిప్పు పుట్టవచ్చు. నన్నడిగితే పార్టీ బస్సు కంటే, సీట్లున్న మామూలు టూరిస్టు బస్సే మేలు. పాటలకి ఒక స్పీకరు చాలు.

బండి నంబరు ముందు రోజే తీసుకుని ఎంపరివాహన్ యాపులో కొట్టండి. ఫిట్‌నెస్, బీమా తేదీలు కనపడతాయి. టూరిస్టు పర్మిట్ ఉందా అని అడగండి. ఎక్కగానే ఎమర్జెన్సీ తలుపు తెరిపించి చూడండి, దానికి అడ్డంగా సామాను పెట్టనివ్వకండి. అద్దం పగలగొట్టే సుత్తి, మంటలార్పే సిలిండరు ఎక్కడున్నాయో అందరూ చూడాలి. డ్రైవరుకి మీ సరదాలో వాటా ఇవ్వకండి, అతనికి మంచి భోజనం పెట్టండి. తాగిన వాసన వస్తే బండి కదలనివ్వకండి. మాట పడితే ఒక రోజు పడతాం. బండి నడుస్తున్నప్పుడు కూర్చోవాలి, ఆట ఆగినచోటే. బస్సు నంబరు, డ్రైవరు ఫోను ఇద్దరు తల్లుల దగ్గర ఉండాలి.

ఎక్కడికి వెళ్తాం, షోలాపూర్ చుట్టూ ఏముంది అంటారా? హైదరాబాదు రోడ్డు మీద నళదుర్గ్ కోట యాభై కిలోమీటర్ల లోపే. బోరీ నదికి అడ్డంగా కట్టిన గోడలో పానీ మహల్, వానలు బాగా పడ్డ ఏడు దాని మీంచి దూకే నీళ్లు. గోవాలో ఇలాంటిది లేదు. విజయపుర వంద కిలోమీటర్లు. గోల్ గుంబజ్ మీది గ్యాలరీలో ఒక వైపు గుసగుసగా మాట్లాడితే అవతలి వైపు వినపడుతుంది. పెళ్లికూతురిని ఒక చివర నిలబెట్టి, ఇంకో చివర నుంచి పెళ్లికొడుకు పేరు చెప్పించండి. ఇరవై నాలుగు మంది నవ్వితే ఆ గుమ్మటం ఎన్నిసార్లు తిరిగి నవ్వుతుందో వినండి. సాయంత్రానికి ఇంటికి వచ్చేస్తారు. మరుసటి రోజు షిఫ్టు ఉన్న పిల్ల షిఫ్టుకి వెళ్తుంది, బీడీలు ఇవ్వాల్సిన పిల్ల కార్ఖానాకి వెళ్తుంది. ఒక్క రోజు కూలి మాత్రమే పోతుంది, మూడు రోజులది పోదు. ఇది కూడా లెక్కలో వేసుకోండి.

సభలో నేను పెట్టబోయే మాట ఇది. ఒకటి, నిషేధం ఠరావు వెనక్కి తీసుకోవాలి. రెండు, సలహాలాంటిదేదైనా రాస్తే పెళ్లికొడుకు, పెళ్లికూతురు ఇద్దరికీ ఒకే మాటలు రాయాలి. మూడు, మన సంఘంలో బస్సులున్నవాళ్లు ఉన్నారు, టూరిస్టు పని తెలిసినవాళ్లు ఉన్నారు. కాగితాలన్నీ సరిగ్గా ఉన్న బస్సుల నంబర్లు నాలుగైదు ఆఫీసులో రాసి పెట్టండి. పెళ్లికూతురు అడిగితే ఇవ్వండి. ఎవరితో వెళ్తున్నావు, ఎందుకు వెళ్తున్నావు అని కౌంటరు దగ్గర విచారణ చెయ్యకండి.

నాతో ఒప్పుకోనివాళ్లు సభకి వచ్చి మాట్లాడండి, గ్రూపులో బొమ్మలు పెట్టి తప్పించుకోకండి. అమ్మాయిలు కూడా రావాలి. మీ గురించి పెట్టే ఠరావుకి మీరు లేకుండా చేతులెత్తడం ఈసారి జరగకూడదు. పేర్ల జాబితా రాసేటప్పుడు మాత్రం ఒక్కసారి కింది నుంచి రాయడం మొదలుపెట్టండి. ఎవరికి అందరికంటే కష్టమో ఆ పిల్ల పేరు మొదట రాసి, ఆమె రాగలిగే బండి ఏదో, ఆమెకి సెలవు దొరికే రోజు ఏదో చూసుకుని, ఆ తర్వాతే అడ్వాన్సు ఇవ్వండి.